24 ట్రాంబోన్లకు ఫ్యాన్‌ఫేర్: సాఫ్ట్‌వేర్‌లో మోగింది, రిహార్సల్లో ముద్దయింది

శ్రుతిపెట్టె
ఇక్కడి (అమెరికా) యూనివర్సిటీ ట్రాంబోన్ కాయిర్ (స్లైడ్ జరిపి వాయించే ఇత్తడి వాద్యాల బృందం) కోసం మూడు నిమిషాల ఫ్యాన్‌ఫేర్ (ఆర్భాటంగా మోగే చిన్న పీస్) రాస్తున్నాను. ఆల్టో 2, టెనర్ 16, బాస్ 5, కాంట్రాబాస్ 1, మొత్తం 24 మంది. పార్టులు పన్నెండు, పార్టుకి ఇద్దరు. డి మేజర్, టెంపో నిమిషానికి 132 బీట్లు. మొదటి నాలుగు బార్లు ఒకటి నుంచి తొమ్మిది దాకా పార్టులన్నీ డి4 మీద యూనిసన్ (అందరూ ఒకే స్వరం), సెమీక్వేవర్ ట్రిప్లెట్లు (పావు బీట్ స్వరాలు, రెండింటి చోట మూడు). (మధ్య సి ని సి4 అంటున్నాను, అంకె ఆక్టేవ్‌ని చెబుతుంది.) ఐదో బార్లో అందరూ కలిసి డి మేజర్ కార్డ్, కింద నుంచి డి2, ఎఫ్ షార్ప్2, ఎ2, డి3, ఆపైన మిగతావి. తొమ్మిదో బార్లో టెనర్లందరికీ డి3 నుంచి జి3కి గ్లిస్సాండో (ఆగకుండా జారడం). కంప్యూటర్లో బ్రహ్మాండంగా వినిపించింది. మనుషులు వాయిస్తే మొదటి పేజీలో ఒక్క అక్షరం తెలియడం లేదు. వాయించే కుర్రాళ్ళు గట్టివాళ్ళే. రాతలో ఏం మార్చాలి?

ఏడోపొజిషన్
ముందు లెక్క చూడండి. 132 టెంపోలో సెమీక్వేవర్ ట్రిప్లెట్లంటే బీట్‌కి ఆరు, సెకనుకి పదమూడు పైచిలుకు నాలుక దెబ్బలు. ట్రిపుల్ టంగింగ్ (నాలుకతో మూడేసి దెబ్బలు వేగంగా కొట్టడం) బాగా సాధన చేసిన సోలోయిస్టుకే అది అంచు. పద్దెనిమిది మంది ఒకే స్వరం మీద చేస్తే ఎవరి దెబ్బ ఎవరిదో తెలియని గరగర తప్ప ఏమీ రాదు. టెంపో 108కి దించి క్వేవర్ ట్రిప్లెట్లు రాయండి. సెకనుకి ఐదున్నర లోపు వస్తాయి. సింగిల్ టంగింగ్‌తోనే స్పష్టంగా, బరువుగా పడతాయి. ట్రాంబోన్‌కి ఆ బరువే అందం.

ఓరుగల్లు_బాజా
నిజమే, గంత స్పీడు ఎందుకన్నా. అది ట్రంపెట్ పని. ట్రంపెట్‌కి రాసింది ఆక్టేవ్ కిందికి దించితే ట్రాంబోన్ ఫ్యాన్‌ఫేర్ అయిపోదు.

బాస్‌బోన్_భీమవరం
ఐదో బార్ సంగతి నేను చెబుతాను. డి2 అంటే 73 హెర్ట్జ్, ఎఫ్ షార్ప్2 అంటే 92. తేడా 19. అంత కింద, అంత దగ్గరగా రెండు స్వరాలు పెడితే చెవికి రెండు స్వరాలు కాదు, ఒక గరుకు వినిపిస్తుంది. ట్యూనింగ్ ఎంత పర్ఫెక్ట్‌గా ఉన్నా ఆ గరుకు పోదు. సి3 కింద థర్డ్ (గాంధారం, ఇక్కడ ఎఫ్ షార్ప్) పెట్టకండి. రూట్ (షడ్జమం), ఫిఫ్త్ (పంచమం), ఆక్టేవ్ అంతే. ఎఫ్ షార్ప్‌ని ఆక్టేవ్ పైకి పంపి డి2, ఎ2, డి3, ఎఫ్ షార్ప్3 అని కట్టండి, సగం బురద అక్కడే పోతుంది.
ఇంకోటి. డి2 ట్రిగర్ (గొట్టం పొడవు పెంచే వాల్వ్) లేని టెనర్‌కి లేనే లేదు. మామూలు టెనర్ ఏడో పొజిషన్లో (స్లైడ్ లోపల ఉంటే ఫస్ట్, పూర్తిగా బయట ఉంటే సెవెన్త్) ఇ2 దాకా దిగుతుంది, దాని కింద మళ్ళీ బి ఫ్లాట్1 పెడల్ (గొట్టం అట్టడుగు స్వరం) దగ్గరే దొరుకుతుంది. మధ్యలో ఖాళీ. తొమ్మిదో పార్టు వాళ్ళకి ఎఫ్ ట్రిగర్ ఉందో లేదో అడిగి రాయండి.

శ్రుతిపెట్టె
టెనర్లలో పదకొండు మందికి ట్రిగర్ ఉంది, ఐదుగురికి లేదు. ఆ ఐదుగురూ చిన్న బోర్ (గొట్టం లోపలి వెడల్పు) వాద్యాలు, జాజ్ బ్యాండ్ వాళ్ళు.

స్కోరుశాస్త్రి
ఆ ఐదుగురినీ రెండు, మూడు, నాలుగు పార్టుల్లోకి సర్దండి. చిన్న బోర్ అంటే 12.7, 12.9 మిల్లీమీటర్లు. పెద్ద బోర్ టెనర్ 13.9, బాస్ 14.3. చిన్నవి త్వరగా మెరుస్తాయి, పై గీతకి అదే కావాలి. అన్ని పార్టుల్లోనూ చిన్న బోర్, పెద్ద బోర్ కలిపేస్తే ఫోర్టే (గట్టిగా) దగ్గర ఒకే పార్టులో ఇద్దరూ రెండు రంగుల్లో మోగుతారు.

తంబూర_తీగ
అసలు ముద్దకి కారణం ఇంకొకటి ఉంది, పైన ఎవరూ పట్టుకోలేదు. మీ యూనిసన్ డి4. ట్రాంబోన్ మీద డి4 రెండు చోట్ల దొరుకుతుంది. ఫస్ట్ పొజిషన్లో ఐదో హార్మోనిక్ (స్లైడ్ కదపకుండా పెదవితో తెచ్చే స్వరాల వరుసలో ఐదోది), నాలుగో పొజిషన్లో ఆరో హార్మోనిక్. ఐదో హార్మోనిక్ పియానో డి కన్నా 14 సెంట్లు (సెంట్ అంటే సెమీటోన్‌లో నూరో వంతు) తక్కువ. ఆరోది దాదాపు సరిగ్గా ఉంటుంది. సగం మంది ఫస్ట్‌లో, సగం మంది ఫోర్త్‌లో వాయిస్తుంటే 294 హెర్ట్జ్ దగ్గర సెకనుకి రెండు మూడు బీట్స్ (శ్రుతి కలవక వచ్చే ఊపులు) వస్తాయి. దాని మీద పదమూడు దెబ్బలు. ఇంక ఏం వినపడుతుంది?

ఏడోపొజిషన్
ఇది అసలు పాయింట్. పైగా ఫస్ట్‌లో ఉన్నవాడికి శ్రుతి పెంచే దారి లేదు, స్లైడ్ అప్పటికే పూర్తిగా లోపల ఉంది. పార్టులో ఆ డి మీద 4 అని అంకె వేసేయండి. పొజిషన్ అంకెలు ప్రతి స్వరానికీ వేయకండి, చిన్నపిల్లల పుస్తకంలా ఉంటుంది. ఇలాంటి చోట మాత్రం తప్పకుండా వేయాలి.

సావేరి_ఎన్జే
డి4 ని అలాగే ఉంచి మొత్తం పీస్‌ని బి ఫ్లాట్‌లోకి మారిస్తే? అప్పుడు ఆ డి థర్డ్ అవుతుంది కదా, 14 సెంట్లు తగ్గితేనే మంచిది.

తంబూర_తీగ
అదే చెప్పబోతున్నాను. శుద్ధమైన మేజర్ థర్డ్ అంటే 5/4, పియానో థర్డ్ కన్నా సరిగ్గా ఆ 14 సెంట్లే తక్కువ. తంబూరా మంద్ర షడ్జమం తీగ మీటితే స్వయంభు గాంధారం వినిపిస్తుందే, అదీ ఐదో హార్మోనిక్కే. ట్రాంబోన్ ఫస్ట్ పొజిషన్లో బి ఫ్లాట్ షడ్జమం అనుకుంటే, డి4 ఆ అంతర గాంధారం. ఎవరూ దిద్దక్కర్లేదు, గొట్టమే పాడుతుంది. బి ఫ్లాట్1, బి ఫ్లాట్2, ఎఫ్3, బి ఫ్లాట్3, డి4, ఎఫ్4, బి ఫ్లాట్4, అన్నీ ఫస్ట్ పొజిషనే. 24 మందితో ఆ కార్డ్ వాయించి చూడండి, ఒక్క వాద్యం మోగినట్టు ఉంటుంది.

పాతవాద్యాలు
ఒప్పుకోను. ట్రాంబోన్ కాయిర్‌కి వచ్చిన ప్రతి రెండో ఫ్యాన్‌ఫేరూ బి ఫ్లాట్‌లోనో ఇ ఫ్లాట్‌లోనో ఉంటుంది. డి మేజర్ కష్టమే, ఆ కష్టంలో ఒక బిగువు ఉంది. స్లైడ్ ఉన్న వాద్యానికి ఏ కీ అయినా ఒకటే కావాలి. ఫస్ట్ పొజిషన్ స్వరాలు ఎక్కువైతే సర్దుకోవడానికి చోటు లేక ఇబ్బంది పడేది బి ఫ్లాట్‌లోనే.

ఏడోపొజిషన్
దానికి మందు ఉంది. ట్యూనింగ్ స్లైడ్‌ని కాస్త లోపలికి నెట్టుకుని, చేతి స్లైడ్ ఫస్ట్ పొజిషన్‌ని ఒక సెంటీమీటర్ బయట పెట్టుకోవాలి. అప్పుడు ఫస్ట్‌లో కూడా పైకీ కిందికీ జరగొచ్చు. మంచి సెక్షన్లు చేసేది అదే. ఒక సెంటీమీటర్ అంటే సుమారు 13 సెంట్లు, అంటే ఒక మేజర్ థర్డ్ దిద్దుబాటు అంత.
కీ విషయంలో మాత్రం నేను బి ఫ్లాట్ వైపే. కారణం ప్రారంభం. ఫ్యాన్‌ఫేర్ మొదటి నాలుగు బార్లలో ఎవరూ ట్యూనింగ్ వెతుక్కోకూడదు.

శ్రుతిపెట్టె
కీ మార్చడానికి అభ్యంతరం లేదు. కానీ నా థీమ్ హంసధ్వని రాగం. డి షడ్జమంగా రాశాను. బి ఫ్లాట్‌లో వేళ్ళకి (అంటే స్లైడ్‌కి) ఎలా పడుతుంది?

తంబూర_తీగ
హంసధ్వని అని ముందే చెప్పాల్సింది! బి ఫ్లాట్ షడ్జమం అయితే, స: బి ఫ్లాట్3 ఫస్ట్. రి: సి4 థర్డ్. గ: డి4 ఫస్ట్. ప: ఎఫ్4 ఫస్ట్. ని: ఎ4 సెకండ్. పై స: బి ఫ్లాట్4 ఫస్ట్. ఆక్టేవ్ మొత్తం మూడో పొజిషన్ దాటదు. డి షడ్జమం అయితే కాకలి నిషాదం సి షార్ప్5 అవుతుంది. టెనర్ మీద పదో హార్మోనిక్, సెకండ్ పొజిషన్. పదహారు మందిలో ముగ్గురు నలుగురికి మించి నమ్మకంగా పడదు. ఈ రాగం ఈ గొట్టం కోసమే పుట్టిందా అన్నట్టు ఉంది.

పాతవాద్యాలు
స్వరాలు పడతాయి సరే. గమకం లేకుండా నిలువు స్వరాలుగా వాయిస్తే అది హంసధ్వని అవుతుందా, ఐదు స్వరాల మెట్ల వరుస అవుతుందా?

శ్రుతిపెట్టె
అందుకే ఆ గ్లిస్సాండో పెట్టాను. జారు లాగా.

ఏడోపొజిషన్
మీరు రాసిన డి3 నుంచి జి3 జారు అసాధ్యం. డి3 మూడో హార్మోనిక్ మీద ఉంది, ఆ హార్మోనిక్ పైకి ఎఫ్3 దాకానే. జి3 కోసం నాలుగో దానికి దూకాలి, మధ్యలో మెట్టు తగులుతుంది. ట్రిగర్ వేసినా కుదరదు. నియమం ఒక్కటే: జారు మొత్తం ఒకే హార్మోనిక్ మీద ఉండాలి, గరిష్ఠంగా ఫస్ట్ నుంచి సెవెన్త్ దాకా, అంటే ట్రైటోన్ (ఆరు సెమీటోన్లు). చేతికి అది అరవై సెంటీమీటర్ల లోపు ప్రయాణం.
హంసధ్వనిలో మాత్రం మీకు మంచి జారులు దొరుకుతాయి. రి నుంచి గ: సి4 నుంచి డి4, ఐదో హార్మోనిక్ మీద థర్డ్ నుంచి ఫస్ట్. గ నుంచి ప: డి4 ని నాలుగో పొజిషన్లో మొదలుపెట్టి ఎఫ్4 ఫస్ట్‌కి, ఆరో హార్మోనిక్. ప నుంచి ని కూడా ఉంది, ఎఫ్4 ని ఆరో పొజిషన్లో, ఎనిమిదో హార్మోనిక్ మీద పట్టుకుని ఎ4 సెకండ్‌కి. ఇది మొదటి పార్టుల వాళ్ళకే ఇవ్వండి, ఎఫ్4 ని అక్కడ కనిపెట్టడానికి చెవి కావాలి. పార్టులో మొదలయ్యే పొజిషన్ అంకె, గీత, చేరే పొజిషన్ అంకె మూడూ రాయాలి. లేకపోతే అలవాటుగా ఫస్ట్‌లో పట్టుకుని, జారు లేకుండా పెదవితో మార్చేస్తారు.

బాస్‌బోన్_భీమవరం
దీనికి పెద్ద ఉదాహరణ స్వరకర్త బార్టోక్. 1943లో కాన్సర్టో ఫర్ ఆర్కెస్ట్రాలో బాస్ ట్రాంబోన్‌కి బి1 నుంచి ఎఫ్2 దాకా గ్లిస్సాండో రాశాడు. ఒక్క ఎఫ్ వాల్వ్ ఉన్న వాద్యంలో స్లైడ్ పొడవు ఆ బి కి చాలదు, వాల్వ్ ట్యూబ్‌ని ఇ స్వరం దాకా లాగి పెట్టుకోవాలి. ఈ రోజుకీ ఆ ఒక్క గీత కోసం వాద్యం సర్దుకుంటారు.

ఓరుగల్లు_బాజా
24 మంది ఒక్కసారి జారితే సైరన్ లెక్క ఉంటది. నలుగురికే ఇయ్యి అన్నా, మిగతోళ్ళు నిలువు కార్డ్ పట్టుకోవాలె. అప్పుడు జారు వినపడ్తది.

స్కోరుశాస్త్రి
ఓరుగల్లు_బాజా గారి మాటకి నా ఓటు. ఇక పెద్ద విషయానికి వస్తే, 24 మందిని ఒకే గోడలా ఎందుకు నిలబెడుతున్నారు? పన్నెండు పార్టులని మూడు నాలుగు-పార్టుల కాయిర్లుగా విడగొట్టండి, ఒక్కోదాంట్లో ఎనిమిది మంది. ఒకటి పిలిస్తే ఒకటి పలకాలి. ట్రిప్లెట్లు మొదటి కాయిర్ వాయించి చివరి స్వరం మీద ఆగుతుంది. అదే స్వరం మీద రెండోది ట్రిప్లెట్లు ఎత్తుకుంటుంది. వినేవాడికి ఆగని తిస్రం, వాయించేవాడికి రెండు బార్లకోసారి ఊపిరి.

పాతవాద్యాలు
ఈ దారి వేసింది వెనిస్ సెయింట్ మార్క్స్ చర్చి వాళ్ళు. అక్కడి స్వరకర్త గాబ్రియేలి 1597లో అచ్చు వేసిన సొనాటా పియాన్ ఎ ఫోర్టే ఎనిమిది పార్టులు, రెండు కాయిర్లు, అందులో ఆరు ట్రాంబోన్లే. ఒక కాయిర్ మెల్లగా పలుకుతుంది, రెండూ కలిసినప్పుడు గట్టిగా. వాళ్ళకి సొంతంగా ఫోర్టే వాయించాల్సిన అవసరమే తక్కువ, మనుషులు కలిస్తేనే ఫోర్టే.
అసలు ట్రాంబోన్ కాయిర్ సంప్రదాయమంతా కోరల్ (చర్చి భక్తిగీతం లాంటి నిదానమైన రాత) వైపే ఉంది. పెన్సిల్వేనియా బెత్లెహెమ్‌లో మొరావియన్ క్రైస్తవులు 1754 నుంచి వాయిస్తున్నారు, సోప్రానో నుంచి బాస్ దాకా ట్రాంబోన్లే, ఊళ్ళో ఎవరైనా పోతే ఆ కబురు కోరల్ వాయించి చెప్పేవాళ్ళు. బీతోవెన్ 1812లో లింజ్‌లో నాలుగు ట్రాంబోన్లకి రాసిన ఈక్వాలీ అనే చిన్న రచనలు ఆయన అంత్యక్రియల్లోనే వాయించారు. కాబట్టి మధ్యలో ఒక పదహారు బార్లయినా ట్రిప్లెట్లు ఆపి కోరల్ రాయండి. మూడు నిమిషాలూ టకటకలాడితే ఈ వాద్యం గొంతు ఎక్కడా వినపడదు.

సావేరి_ఎన్జే
ఫ్యాన్‌ఫేర్‌లో కోరలా? జనం కుర్చీల్లోంచి లేవాలి కదా.

పాతవాద్యాలు
మెత్తగా పియానోలో ఎనిమిది మంది వాయించాక, 24 మంది లేస్తేనే జనం కూడా లేస్తారు.

పోలీస్‌బ్యాండ్_కర్నూలు
కాయిర్లని హాల్లో దూరంగా పెట్టే ఉద్దేశం ఉంటే ఒక లెక్క. ధ్వని సెకనుకి 343 మీటర్లు. ఇరవై మీటర్ల దూరంలో ఉన్న గుంపు 58 మిల్లీసెకన్లు లేటుగా వినిపిస్తుంది. 108 టెంపోలో ఒక సెమీక్వేవర్ 139. అంటే సెమీక్వేవర్‌లో దాదాపు నలభై శాతం తేడా. చెవితో కలుపుకుందామని చూస్తే ఒకరి కోసం ఒకరు ఆగి టెంపో జారిపోతుంది. కండక్టర్ కర్రని చూసి వాయించాలి, పక్క గుంపుని వినకూడదు. రాతలో కూడా దూరపు గుంపులకి ఒకేసారి ట్రిప్లెట్లు ఇవ్వకండి. ఒకరు కదిలితే ఒకరు నిలవాలి. అందరూ కలిసేది పొడుగు కార్డుల మీదే.
ఆరుబయట అయితే వేడి కూడా లెక్క. ఒక డిగ్రీ సెల్సియస్‌కి దాదాపు మూడు సెంట్లు శ్రుతి పెరుగుతుంది. ఎండలో నిలబెట్టిన వాద్యం, నీడలో ఉన్న వాద్యం కలవవు. ట్యూనింగ్ చేసిన చోటే వాయించాలి.

శ్రుతిపెట్టె
హాల్లోనే, ఒకే స్టేజి. మూడు గుంపులు అర్ధచంద్రాకారంలో. వరుసల మధ్య ఎంత వదలాలి?

పోలీస్‌బ్యాండ్_కర్నూలు
మీటరున్నర తక్కువ కాకుండా. ఏడో పొజిషన్ స్లైడ్ ముందువాడి వీపుకి తగలకూడదు. బాస్‌లు మధ్యలో వెనక, కొంచెం ఎత్తు మీద. స్టాండ్లు బెల్ కన్నా కిందికి దించమని ప్రతి రిహార్సల్లో చెప్పాలి. బెల్ ముందు స్టాండ్ ఉంటే పై హార్మోనిక్సన్నీ కాగితమే మింగేస్తుంది.

ఓరుగల్లు_బాజా
డ్రమ్స్ ఏమన్న ఉన్నయా? రెండు డోళ్ళు పెడితే ఇంకా మోత ఉంటది.

స్కోరుశాస్త్రి
డోలు వద్దనే నా అభిప్రాయం. టింపనీ కూడా ఆలోచించే పెట్టాలి. ఎఫ్2, బి ఫ్లాట్2 మీద టింపనీ మోగితే అవే స్వరాల్లో ఉన్న బాస్ ట్రాంబోన్ల మొదలు కప్పడిపోతుంది. దరువు ట్రాంబోన్లలోనే ఉంది, నాలుక దెబ్బలోనే.

పోలీస్‌బ్యాండ్_కర్నూలు
నాకు అలా అనిపించడం లేదు. కోరల్ నుంచి చివరి భాగానికి వెళ్ళే చోట బాస్ డ్రమ్ రెండు బార్లు లోపలి నుంచి పెరుగుతూ వస్తే మంచిది. అంతకు మించి వద్దు.

ఏడోపొజిషన్
డైనమిక్స్ ఎలా వేశారు? మొదటి నుంచీ డబుల్ ఎఫ్ (చాలా గట్టిగా) అయితే మార్చండి. ట్రాంబోన్ గొట్టం చాలా భాగం సమానమైన లావు. గట్టిగా ఊదేకొద్దీ లోపల పీడన తరంగం ముందు అంచు నిటారు అవుతుంది, అందుకే ఆ ఇత్తడి చీలిక లాంటి మెరుపు వస్తుంది. ఆ మెరుపు మొదట్లోనే ఖర్చు చేస్తే చివర్లో ఇవ్వడానికి ఏమీ ఉండదు. సింగిల్ ఎఫ్‌తో మొదలుపెట్టి, డబుల్ ఎఫ్ ఆఖరి ఎనిమిది బార్లకి ఉంచండి. మొదటి పార్టుని బి ఫ్లాట్4 దగ్గర నాలుగు బార్ల కన్నా ఎక్కువ నిలబెట్టకండి, పెదవి చచ్చిపోతుంది. అంత పైన ఆల్టోలకి ఇవ్వండి, ఇ ఫ్లాట్ ఆల్టోలో ఆ బి ఫ్లాట్4 ఆరో హార్మోనిక్, ఫస్ట్ పొజిషన్, హాయిగా పడుతుంది.

శ్రుతిపెట్టె
ఆల్టో పార్టు బాస్ క్లెఫ్‌లోనే (క్లెఫ్ అంటే గీతల మీద ఏ స్వరం ఎక్కడో చెప్పే గుర్తు) ఇచ్చాను.

ఏడోపొజిషన్
ఆల్టో క్లెఫ్‌లో ఇవ్వండి, ఆ వాద్యం నేర్చుకున్నవాళ్ళు దాంట్లోనే నేర్చుకుంటారు. రెండు, మూడు పార్టులు టెనర్ క్లెఫ్. పేజీ మధ్యలో క్లెఫ్ మార్చాల్సి వస్తే విరామం ఉన్న చోటే మార్చండి.

తంబూర_తీగ
రిహార్సల్లో కార్డ్ కట్టే వరుస: మెజో పియానోలో (ఓ మోస్తరు మెల్లగా) బాస్‌లు షడ్జమం, తర్వాత దాని ఆక్టేవ్‌లు, తర్వాత పంచమం. ఈ మూడూ కదలకుండా నిలిచాకే గాంధారం. గాంధారం ముందు వచ్చేస్తే మిగతావాళ్ళు దాని చుట్టూ తిరుగుతారు. వాయించే ముందు ఒకసారి నోటితో పాడించండి. గాంధారం వాయించేవాళ్ళు ఇద్దరు చాలు. థర్డ్‌ని ఎనిమిది మందికి ఇస్తే ఎంత శుద్ధంగా ఉన్నా కార్డ్ తియ్యగా మొద్దుబారుతుంది.

శ్రుతిపెట్టె
అన్నీ చేర్చి మళ్ళీ రాశాను. 108, బి ఫ్లాట్, మూడు కాయిర్లు, మధ్యలో పదహారు బార్ల కోరల్. చివరి కార్డ్ ఇలా: బి ఫ్లాట్1 పార్టులు 11, 12 (కాంట్రాబాస్ ఇక్కడే). బి ఫ్లాట్2 పార్టులు 9, 10. ఎఫ్3 పార్టులు 7, 8. బి ఫ్లాట్3 పార్టులు 5, 6. డి4 పార్టు 4. ఎఫ్4 పార్టులు 2, 3. పైన ఆల్టోలు బి ఫ్లాట్4. నాలుగు బార్లు, డబుల్ ఎఫ్.

తంబూర_తీగ
ఇద్దరి గాంధారం, 24 మంది. చాలా బాగుంది. దీనికి ముందు బార్లో రెండో పార్టుకి ఎ ఫ్లాట్4 ఇస్తే? ఏడో హార్మోనిక్, ఫస్ట్ పొజిషన్, ఏమీ దిద్దకుండా 31 సెంట్లు తక్కువగా. ఒక్క గొట్టంలోని వరుస మొత్తం వినిపిస్తుంది.

స్కోరుశాస్త్రి
ఆ ఎ ఫ్లాట్ అంటే హంసధ్వనిలో కైశికి నిషాదమా? వద్దు. రాగం కట్టిన పీస్‌లో ఆఖరి బార్ ముందు పరాయి స్వరం ఎందుకు?

తంబూర_తీగ
రాగం కోరల్‌తోనే ముగిసింది కదా, చివరి భాగం హార్మోనిక్ వరుస. నా మాట మీదే ఉంటాను.

బాస్‌బోన్_భీమవరం
మీరిద్దరూ ఆ నిషాదం తేల్చుకునేలోపు కింద సంగతి చూడండి. 108లో నాలుగు బార్లంటే దాదాపు తొమ్మిది సెకన్లు. డబుల్ ఎఫ్‌లో బి ఫ్లాట్1 పెడల్ ఒక ఊపిరికి నాలుగైదు సెకన్ల కన్నా ఎక్కువ నిలవదు. పార్టు 12 కార్డ్‌తో పాటే మొదలవ్వాలి, రెండో బార్ మూడో బీట్‌లో ఊపిరి, నాలుగో బీట్‌లో నాలుక దెబ్బ లేకుండా మళ్ళీ లోపలికి. పార్టు 11 రెండో బార్ మొదట్లో చేరి, మూడో బార్ మూడో బీట్ దాకా పట్టి, నాలుగో బీట్‌లో ఊపిరి తీసుకుని చివరిదాకా. ఇద్దరి ఊపిరీ ఒకే చోట పడకుండా కామాలు (ఊపిరి గుర్తులు) స్కోర్‌లోనే అచ్చు వేయండి. రిహార్సల్లో చెబుతాం అనుకుంటే అందరూ బార్‌లైన్ దగ్గరే పీలుస్తారు.